రెండు చెంబుల గంజి

పెనుకొండలో నెలాఖరు శనివారం వస్తే ఆడవాళ్ళు మిద్దెల మీద గుడ్డలు ఆరేయరు. ఆ పొద్దు అబ్కారీ కచ్చేరి దొడ్లో సరుకు కాలుస్తారు. ఆ నెలలో పట్టుబడి, కోర్టులో శిక్ష తేలిన గంజాయినంతా ఒక గుంతలో వేసి, ఇద్దరు పెద్దమనుషుల ఎదుట నిప్పు పెడతారు. పొగ లేస్తుంది. లేచి, మామూలు పొగ మాదిరి పైకి పోదు. నడుమెత్తున గేటు దాటి, సందులు తిరిగి, ఆ సరుకు ఎవరిదో వాళ్ళ ఇంటికి పోతుంది. మేతకు పోయిన ఆవు సాయంత్రం ఇల్లు తప్పుతుందా, ఇదీ అంతే. ఎదురొచ్చిన వాళ్ళు పక్కకు తప్పుకుని దారి ఇస్తారు. పాలు పోయడానికి పోయే ఆడవాళ్ళు చెంబు మీద కొంగు కప్పుకుంటారు.

ఇల్లు చేరిన పొగ ఊరకే తిరిగి పోదు. ఆ ఇంటాయన నలుగురి ముందర "నాదే" అనే దాకా పొయ్యి దగ్గర కూర్చుంటుంది. అన్నాక లేచి వెళ్ళిపోతుంది. నిప్పు లేనిదే పొగ రాదని అన్ని ఊళ్ళలోనూ అంటారు. పెనుకొండలో మాత్రం సొంతదారు లేనిదే పొగ పోదని ఇంకో ముక్క కలుపుతారు.

గుంతకు నిప్పు పెట్టే పని బంట్రోతు కుళ్ళాయప్పది. తొమ్మిదేళ్ళుగా అతనే పెడుతున్నాడు గనక అతనికి తెలియని పొగ లేదు. ఒకసారి బైరాగి ఒకడి దగ్గర దొరికిన చిటికెడు సరుకు పొగ, ఇల్లు లేక ఊరంతా తిరిగి తిరిగి సత్రం అరుగు మీద కూలబడింది. కానీ చాలాసార్లు పొగ స్టేషను దాటి, రైలు పట్టాల వెంబడి దక్షిణంగా హిందూపురం దాకా పోయేది. అక్కడ కంట్రాక్టరు ఆదినారాయణ మేడ ఉంది. సర్కారు వేలంలో గంజాయి అంగళ్ళు ఏటా పాడుకునేది ఆయనే. సర్కారు ముద్ర ఉన్న సరుకు ముందు తలుపున అమ్మేవాడు. మైసూరు ఎల్ల దాటి, చిలమత్తూరు మీదుగా గడ్డి బండ్లలో వచ్చే ముద్ర లేని సరుకు వెనక తలుపున అమ్మేవాడు. ఆ వెనక తలుపున కొన్న కూలివాళ్ళూ గొర్రెల కాపరులూ దొరికేవాళ్ళు. జైలుకు వాళ్ళు పోయేవాళ్ళు, పొగ మాత్రం ఆదినారాయణ ఇంటికి పోయేది. ఆయనకు మేడ మీద నాలుగు గదులున్నాయి. ఒకదాన్ని పొగకే వదిలేసి తాళం వేసుకున్నాడు. "నాదే" అనాల్సిన అవసరం ఆయనకు ఎన్నడూ పడలేదు.

దీని గురించి ఎవరైనా అడిగితే ఇన్‌స్పెక్టరు చిన్నస్వామి ఒకటే మాట చెప్పేవాడు.

"చట్టంలో పొగ సాక్ష్యం చెల్లదు."

ఆ ఏడు వరసగా మూడోసారి వానలు ఎగ్గొట్టాయి. పల్లెల్లో జనం గడ్డలు తవ్వుకుని తింటున్నారు. పక్కన కడప జిల్లాలో సర్కారు కల్లూ సారాయీ మానిపించింది. అది చూసి ఈ జిల్లాలో కూడా కొంచెం గట్టిగా ఉన్నట్టు కనపడాలని చెన్నపట్నం నుంచి కాగితం వచ్చింది. గట్టిగా ఉండటం ఎవరి మీద? కల్లు అంగళ్ళ మీద చెయ్యి వేస్తే ఖజానాకు నొప్పి. ఆదినారాయణ మీద వేస్తే వేలానికి నొప్పి. ఎవరికీ నొప్పి లేకుండా చెయ్యి వేయదగిన వాళ్ళు ఒక్క పేదవాళ్ళే. అందుకని సర్కిలుకు నెలకు నాలుగు గంజాయి కేసులైనా చూపించాలని తేల్చారు. కరువు పనులు పెట్టించండని జనం కచ్చేరి ముందర కూర్చుంటే మాత్రం, అది తమ శాఖ కాదని చెప్పి పంపేశారు. అమ్మ పెట్టా పెట్టదు, అడుక్కు తినా తిననివ్వదంటే ఇదే.

ఆ కాగితంతో పాటే ఇంకో ఆర్డరు వచ్చింది. గస్తీకి పోయే బంట్రోతులు ఏ ఊళ్ళో ఎవరింటి దగ్గర నిలబడ్డారో, అక్కడ ఏం చూశారో రోజూ డైరీ రాయాలి. కుళ్ళాయప్ప ముప్పై దాటాక ఇసకలో దిద్ది అక్షరాలు నేర్చుకున్నవాడు. రాయడమంటే అతనికి భయమూ ఉంది, గర్వమూ ఉంది. అతని గుడి ఏ నాడూ అక్షరం నెత్తిన కుదురుగా కూర్చునేది కాదు. కుడి పక్కకు జారి దీర్ఘం మాదిరి వేలాడేది. దాంతో ఇంతవరకు ఎవరికీ నష్టం రాలేదు.

ధర్మవరంలో అతని గస్తీ సాలెవీధి మీదుగా ఉండేది. కరువులో పట్టు చీరలు కొనేవాళ్ళు లేక మగ్గాలన్నీ నూలుకు దిగాయి. నూలు పడుగుకు గంజి పెట్టనిదే మగ్గం మీద పోగు నిలవదు. ఆ వీధి మొత్తానికి గంజి కాసేది అంజనమ్మ. అరవై దాటిన మనిషి, మొగుడూ బిడ్డలూ లేరు. తెల్లవారితే పెద్ద బానలో రాగిపిండి కలిపి పొయ్యి మీద పెట్టేది. నేసేవాళ్ళు తలా ఇంత పిండి తెచ్చి పోసేవారు. పడుగులకు పోగా మిగిలిన గంజిలో ఉప్పేసి, వీధి పిల్లలకు పోసేది. ఆ ఏడు కొన్ని ఇళ్ళల్లో పిల్లలకు దినానికి దొరికేది అదొక్కటే. మిగలకపోతే పడుగు గంజిలో నీళ్ళు పోసి పలచన చేసేదే గానీ, పిల్లల్ని ఉత్త చేతుల్తో పంపేది కాదు.

ఒక పొద్దు కుళ్ళాయప్ప ఎండకు తూలిపోతూ ఆమె గుమ్మం ముందర ఆగాడు.

"ఏమప్పా కుళ్ళాయప్పా, మొగమట్ల పీక్కపోయిండాది? కూసో."

"వద్దులే పెద్దమ్మా. గస్తీలో ఉండా. ఎవురింటా ఏమీ తినగూడదు మేము."

"తినొద్దులే, తాగు. గంజికి యాడిది కట్టుబాటు."

ఒక చెంబు పోసింది. తాగాడు. కడుపు చల్లబడింది. రెండో చెంబు ముంచి అందించబోతుంటే, ఎదురింటి ఉలిగప్ప కూతురు, నాలుగేళ్ళది, గుమ్మం పట్టుకుని నిలబడి ఆ చెంబునే చూస్తోంది. కుళ్ళాయప్ప చెంబు దాని చేతికిచ్చాడు. అది ఊపిరి కూడా తీసుకోకుండా తాగి, మూతి తుడుచుకుని, అతన్ని చూసి నవ్వింది.

ఆ సాయంత్రం డైరీ తెరిస్తే పేజీ ఖాళీగా కనపడింది. ఏదో ఒకటి రాయాలి. అతను ఆ పొద్దు చూసిన మంచి సంగతి ఒక్కటే. కట్టుబాటు మాట తలపుకు రాకుండానే, నాలుక కొరుక్కుంటూ రాశాడు: "ధర్మవరం, అంజనమ్మ ఇంట గంజి, రెండు చెంబులు."

ఇన్‌స్పెక్టరు చిన్నస్వామిది అరవదేశం. పరీక్ష కోసం తెలుగు నేర్చాడు. ఊళ్ళో అందరూ గంజాయి అంటారు గానీ సర్కారు కాగితాల్లో దాని పేరు గంజా. కాగితాలే చదివే చిన్నస్వామికి తెలిసింది గంజాయి కాదు, గంజా. మరునాడు డైరీ తిప్పుతూ ఒక్కసారి కుర్చీలో ముందుకు వంగాడు.

"రెండు చెంబుల గంజా! ఏమయ్యా కుళ్ళాయప్పా, ఇంత పెద్ద సంగతి రాసి, నోటితో చెప్పవేం?"

కుళ్ళాయప్పకు మొదట అర్థం కాలేదు. అర్థమయ్యాక నోరు తెరిచాడు. అది గంజి దొరా, నేను తాగినాను అంటే చాలు. కానీ గస్తీలో ఒకరింట పచ్చి మంచినీళ్ళు తాగినా లంచం కిందే లెక్క. పోయిన నెలలో పోతులయ్య అనే బంట్రోతు రెండు దోసకాయలు పుచ్చుకున్నాడని ఉద్యోగం ఊడదీసి పంపారు. పోతులయ్య పెళ్ళాం ఇప్పుడు స్టేషనులో బొగ్గులేరుతోంది. కుళ్ళాయప్పకు ముగ్గురు పిల్లలు. తెరిచిన నోరు మూసుకున్నాడు. సిగ్గులేని మనిషి కాదు, భయం ఉన్న మనిషి. కానీ అంజనమ్మకు ఆ తేడా వల్ల ఒరిగిందేమీ లేదు.

సోదాకు బయలుదేరే ముందు చిన్నస్వామి కొట్టు తాళం తీసి, పాత మూట ఒకటి బయటికి తెచ్చాడు. కొట్టేసిన కేసులో మిగిలిపోయిన సరుకు. దాని సొంతదారు కలరాలో పోయాడు. కొట్లో ఉన్నంత కాలం అది ఎవరిదీ కాదు.

"ఇది నీ కోటు లోపల పెట్టుకో."

"యాలకు దొరా?"

"అక్కడ దొరికితే సరే. దొరక్కపోతే దొరకాలి కదా."

వాళ్ళు పోయేసరికి అంజనమ్మ బాన దగ్గర తెడ్డు తిప్పుతోంది. ఖాకీ గుడ్డలు చూసి కూడా బెదరలేదు. కుళ్ళాయప్ప ఉన్నాడు కదా.

"ఎండన పడి వచ్చినారు. ఏమప్పా, మీ దొరక్కూడా గంజి పోస్తునా?"

"విన్నారా, మాకే అమ్మజూస్తోంది," అన్నాడు చిన్నస్వామి, సాక్షులుగా పిలిపించిన ఇద్దరివైపు తిరిగి.

సోదా చేశారు. పిండి కుండలు, ఉప్పు, పుల్లలు తప్ప ఏమీ లేవు. చిన్నస్వామి కుళ్ళాయప్పను చూశాడు. కుళ్ళాయప్ప బాన వెనక్కి వంగి, కోటు లోపలి మూట తీసి, అక్కడే దొరికినట్టు పైకెత్తాడు. అంజనమ్మ ఆ మూటను చూడలేదు. అతని ముఖమే చూసింది.

"ఏందబ్బా అది?" అంది.

అతను మూటను సాక్షుల ముందర పెట్టాడు.

కోర్టులో మేజిస్ట్రేటు ఇంగ్లీషులో అడిగితే గుమాస్తా తెలుగులో చెప్పాడు. నేరం ఒప్పుకుంటావా అని.

"నేరమేముండాది సామీ. గంజి కాస్తాండా. ఇరవై ఏండ్లుగా కాస్తాండా. మా వీధంతా నా గంజి మీదనే బతుకుతాండాది."

గుమాస్తా ముందర ఉన్న కాగితంలో గంజా అనే ఉంది. చెవి కన్నా కాగితమే నమ్మాలని అతనికి నేర్పారు. ఇరవై ఏళ్ళుగా గంజా కాస్తున్నానని ముద్దాయి ఒప్పుకుంటోందనీ, వీధి మొత్తం దీనిమీదే బతుకుతోందనీ అతను ఇంగ్లీషులో చెప్పాడు. మేజిస్ట్రేటు తలెత్తి అంజనమ్మను భయంభయంగా చూశాడు. మూడు నెలలు వేశాడు. గుమాస్తా ఆమెకు శిక్ష చెప్పినప్పుడు ఆమె అడిగింది ఒక్కటే.

"పొయ్యి మీద బాన అట్నే ఉండాది. ఎవురన్నా దించినారా?"

సబ్‌జైలు కచ్చేరికి రెండు వీధుల అవతల. కుళ్ళాయప్ప ఆ దారిన పోవడం మానేసి, కోట చుట్టూ తిరిగి పనికి పోయేవాడు.

కానీ ధర్మవరం గస్తీ తప్పించుకోలేడు కదా. మూడు వారాలకు పోయినప్పుడు సాలెవీధిలో మగ్గాల చప్పుడు లేదు. గంజి కాయడానికి ఇద్దరు ముగ్గురు ఆడవాళ్ళు ముందుకొచ్చారు గానీ, గంజికే మూడు నెలలు వేస్తారట అనే పుకారు పుట్టి, భయపడి మానేశారు. ఉత్త నూలు మగ్గం మీద తెగిపోతోంది. చీర దిగదు, కూలి రాదు. అంజనమ్మ గుమ్మం ముందర కుక్క పడుకుని ఉంది. ఉలిగప్ప తన గడప మీద కూర్చుని ఉన్నాడు. కుళ్ళాయప్పను చూసి లేవలేదు.

"పాప యాడప్పా?" అని అడిగాడు కుళ్ళాయప్ప.

"పోయింది."

"యాడికి?"

"పోయిందప్పా. మొన్న బేస్తవారం. జరమొచ్చింది. ఒంట్లో ఏముండాదని తట్టుకుంటాది." ఉలిగప్ప అంజనమ్మ గుమ్మం వైపు చెయ్యి చూపాడు. "అవ్వ యాడ, అవ్వ యాడ అని అడుగుతానే ఉన్నింది."

ఆ నెలాఖరు శనివారం గుంతలో నాలుగు మూటలు పడ్డాయి. కుళ్ళాయప్ప నిప్పు పెట్టాడు. మొదటి మూడు మూటల పొగ ఎప్పుడూ పోయే దారినే హిందూపురం వైపు పోయింది. చిన్నస్వామి వాచీ చూసుకున్నాడు. పెద్దమనుషులు ఆకు వక్క వేసుకున్నారు. నాలుగో మూట నెమ్మదిగా అంటుకుంది. దాని పొగ గేటు దగ్గర కాసేపు నిలబడింది. చచ్చిన సొంతదారు ఇల్లు వెతుక్కుంటుందేమో అనుకున్నాడు కుళ్ళాయప్ప. అది ఎడమకు తిరిగింది. దర్గా పక్క సందులోకి పోయింది. ఆ సందులో మూడో ఇల్లు అతనిదే.

అతను ఇంటికి పోయేసరికి పొగ పొయ్యి పక్కన కూర్చుని ఉంది. పెళ్ళాం కదిరమ్మ పిల్లల్ని అరుగు మీదికి తెచ్చి పెట్టింది. ముగ్గురూ దగ్గుతున్నారు.

"ఎవురిదయ్యా ఇది?"

"నాకేం తెల్సు."

"నీకు తెలీకనే మన పొయ్యి కాడికి వచ్చి కూసునిందా? తొమ్మిదేండ్లుగా చూస్తాండా. పొగ యానాడన్నా ఇల్లు తప్పిందా?"

అతను అరుగు మీద కూలబడి అంతా చెప్పాడు. చెంబు, డైరీ, గుడి, కోటు లోపలి మూట, ఉలిగప్ప కూతురు. కొట్లో ఎవరిదీ కాని మూట, అతను బాన వెనకనుంచి పైకెత్తిన ఆ నిమిషం నుంచి అతనిదైపోయింది. పొగకు అది తెలుసు. కదిరమ్మ తిట్టలేదు. తిడితే బాగుండునని అతనికి అనిపించింది.

రెండు దినాలు వీధిలో రాళ్ళ పొయ్యి పెట్టి వండింది. మూడో నాడు చిన్నది దగ్గి దగ్గి కక్కుకుంది. కదిరమ్మ దాని మూతి తుడిచి అతని ముందర నిలబడింది.

"ఆదినారాయణకైతే మేడుండాది, తాళమేసుకున్యాడు. మనకుండేది ఒక్కటే అర్ర. పో. పోయి చెప్పు."

"చెప్తే పని పోతాది, కదిరీ. జైల్లో ఏస్తారు. మీరేం తింటారు?"

"అంజనమ్మ వీధోళ్ళు తిన్నదే తింటాము."

కుళ్ళాయప్ప కోర్టుకు నడిచాడు. పొగ అతని వెనకే వచ్చి, బోను దగ్గర అతని కాళ్ళకాడ నిలబడింది. వాకిలి దగ్గరి జవాను దానికి కూడా దారి ఇచ్చాడు.

"మూట అంజనమ్మది కాదు సామీ. ఆమె కాసింది గంజి, పడుగుకు పెట్టే గంజి. నేనూ తాగినా. మూట నేను పెట్టినా. నాదే."

పొగ లేచి, కిటికీ లోంచి వెళ్ళిపోయింది.

చిన్నస్వామి లేచి నిలబడ్డాడు. "అయ్యా, పొగ సాక్ష్యం చెల్లదు."

"ఇది పొగ సాక్ష్యం కాదు, ముద్దాయి ఒప్పుకోలు," అన్నాడు గుమాస్తా. ఒప్పుకోలంటే అతనికి ప్రీతి, రాసుకోవడం తేలిక.

"నా చేతికి మూటిచ్చింది ఇన్‌స్పెక్టరు దొరే సామీ," అన్నాడు కుళ్ళాయప్ప. "కొట్లో నుంచి తీసి ఇచ్చినాడు."

గుమాస్తా చెప్పింది విని మేజిస్ట్రేటు కలం ఆపాడు. ఒక ప్రశ్న అడిగాడు.

"పొగ ఇన్‌స్పెక్టరు గారి ఇంటికి పోయిందా?"

"లేదు సామీ."

"అయితే ఆయనది కాదు."

తొమ్మిదేళ్ళుగా ఆదినారాయణ మీద చెల్లని సాక్ష్యం, చిన్నస్వామిని తప్పించడానికి ఒక్క నిమిషంలో చెల్లింది. కోర్టు హాలులో ఎవరూ నవ్వలేదు. ఒక మూటకు ఇద్దరు సొంతదారులు ఉండరాదని అంజనమ్మను వదిలేయమన్నారు. సర్కారు నౌకరై ఉండి చేసిన నేరం గనక కుళ్ళాయప్పకు ఆరు నెలలు వేశారు. ఉద్యోగం ఆ సాయంత్రానికే పోయింది. ఏడాది రిపోర్టులో పెనుకొండ సర్కిలుకు మెప్పు వచ్చింది. ఒక్క మూట పట్టుకుని ఇద్దరికి శిక్ష వేయించిన సర్కిలు జిల్లాలో ఇంకొకటి లేదట. అంజనమ్మ విడుదల సంగతి రాయడానికి ఆ పట్టికలో గడి లేదు. వేలంలో గంజాయి అంగళ్ళు మళ్ళీ ఆదినారాయణే పాడాడు.

అంజనమ్మ ధర్మవరం పోయి పొయ్యి వెలిగించింది. పది దినాలకు రైలెక్కి పెనుకొండ వచ్చి, సబ్‌జైలు గేటు ముందర నిలబడింది. చేతిలో చెంబు, దాని మీద మూత.

వార్డరు హనుమంతప్పకు చదువు రాదు. బయటి నుంచి వచ్చిన వస్తువు ఏదైనా రిజిస్టరులో ఎక్కాలి. లోపలున్న వాళ్ళలో అక్షరాలు వచ్చినవాడు ఒక్కడే గనక పుస్తకం కుళ్ళాయప్ప చేతికే ఇచ్చాడు. కుళ్ళాయప్ప కలం పట్టుకున్నాడు. ఒక్కో అక్షరమే నిదానంగా "గంజి, ఒక చెంబు" అని రాశాడు. గుడిని జ నెత్తిన నిలబెట్టి, రెండుసార్లు దిద్దాడు.

"ఏమప్పా, దానికంత సేపా?" అన్నాడు హనుమంతప్ప.

ఊచల సందులోంచి అంజనమ్మ చెంబు అందించింది. కుళ్ళాయప్ప తలెత్తలేకపోయాడు.

"నేను నీకు చేసినదానికి, నువ్వు గంజి తెచ్చినావా పెద్దమ్మా."

"రెండు చెంబులని రాసినావంట గదా. కోర్టులో చదివినారు. నువ్వు తాగింది ఒకటే నాయనా. రెండోది ఉలిగప్ప బిడ్డ తాగింది." ఆమె గొంతులో కోపం లేదు, దయ కూడా లేదు. "ఆ బిడ్డ వంతు చెంబు ముందర పెట్టుకుని పది దినాలుగా చూస్తాండా. పారబోయడానికి చెయ్యి రాలేదు. ఇంగెవురికి పోయాలో తెలీలేదు. నువ్వే తాగు."

గంజి ఇంకా గోరువెచ్చగా ఉంది. ఉప్పు సరిగ్గా సరిపోయింది. ఒక గుక్క తాగాడు. చెంబు కింద పెట్టేద్దామనుకున్నాడు. కానీ ఆమె గేటు అవతల చెయ్యి చాచి, ఖాళీ చెంబు కోసం నిలబడి ఉంది. రైలుకు టైమవుతోంది, సాయంత్రం పడుగులకు మళ్ళీ గంజి కాయాలి. కుళ్ళాయప్ప కళ్ళు మూసుకుని అడుగు దాకా తాగి, చెంబు కడిగి ఇచ్చాడు.